కట్టె, రాయి కలిపి కట్టిన నగ్గర్ కోట: ఒక రాత్రి ఉండాలా, చూసి వచ్చేస్తే చాలునా?

హనుమకొండ బాటసారి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఈ దసరా సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ, అంటే అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం, హిమాచల్‌ప్రదేశ్‌లోని కుల్లూ లోయకు వెళ్లాలనుకుంటున్నాము. మనాలీ చూసి వచ్చినవారు మన దగ్గర వీధికి ఇద్దరైనా ఉంటారు కాబట్టి మంచు గురించి, అటల్ సొరంగం గురించి చెప్పేవారికి కొదవ లేదు. నేను అడగదలచుకున్నది అదే దారిలో, బియాస్ నదికి ఎడమగట్టున, కొండవాలు మీద ఉన్న నగ్గర్ కోట గురించి.

ఈ ఆసక్తి నాది కాదు, మా నాన్నగారిది. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మా వంటింటి అరలోని గిన్నెలన్నీ గలగలమన్నాయి. డెబ్బై రెండేళ్ల వయసులో ఆయన మంచం మీది నుంచి లేచి, ముందు మమ్మల్ని కాక ఇంటి మూలలను పరిశీలించారు. ఆయన ఉద్యోగ జీవితమంతా చెరువు కట్టలు, తూముల మధ్యనే గడిచింది. ఆ రోజు నుంచి భూకంపాలకు తట్టుకున్న పాత కట్టడాల గురించి చదువుతూ, 1905 నాటి కాంగ్రా భూకంపంలో కూడా కూలకుండా నిలిచిన ఈ కోట దగ్గర ఆగారు. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా, దేవదారు దూలాలను, రాళ్లను వరుసలుగా పేర్చి కట్టిన గోడ అంత ఎత్తుకు ఎలా నిలిచిందో కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక.

నా సందేహం వేరు. రామప్ప, వేయిస్తంభాల గుడి, కీర్తితోరణాల మధ్య పెరిగిన మనకు ఆ కోట చూడగానే చిన్నదిగా అనిపిస్తుందేమో, అంత దూరం వెళ్లి ఒక పాత ఇల్లు చూసి వచ్చినట్లవుతుందేమో అని భయంగా ఉంది. దానిలో ఇప్పుడు ప్రభుత్వ హోటల్ నడుస్తోందని విన్నాను. అక్కడ ఒక రాత్రి ఉండటం మేలా, లేక మనాలీ నుంచి పగటిపూట వెళ్లి వస్తే సరిపోతుందా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మెట్లు ఎక్కువగా ఎక్కలేరు. చూసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కాజీపేట రైలుబండి:

నమస్తే అండి. మేము కొన్నేళ్ల క్రితం ఒక అక్టోబరులో వెళ్లి అక్కడే ఒక రాత్రి ఉన్నాము, కాబట్టి నా సలహా నిస్సందేహంగా ఉండమనే. అయితే మీ భయం సగం నిజమే కనుక ముందు దాని గురించే చెబుతాను.

కోట అనే మాట వినగానే వరంగల్ వాళ్ల కళ్లముందు మట్టికోట, దాని లోపల రాతికోట, అగడ్త, నాలుగు తోరణాలు కదులుతాయి. నగ్గర్‌లో వాటిలో ఒక్కటీ ఉండదు. అది కొండ అంచున, లోయ వైపు ముఖం పెట్టి కూర్చున్న ఒక పెద్ద రాజగృహం. మన పల్లెల్లోని దొరల గడీని ఊహించుకొని, దాని మట్టిగోడలు తీసేసి కట్టె, రాయి వరుసలు పెట్టి, పైకప్పు మీద పెంకులకు బదులు పలకరాళ్లు పరిచి, పై అంతస్తు చుట్టూ కట్టె వరండాను గోడ దాటి బయటికి చాపితే దాదాపు ఆ రూపం వస్తుంది. లోపల మధ్యలో ముంగిలి, ఆ ముంగిట్లో ఒక చిన్న గుడి ఉన్నాయి. తిరిగి చూడాలంటే గంట, మరీ నెమ్మదిగా చూస్తే గంటన్నర పడుతుంది. పగటిపూట మనాలీ నుంచి వచ్చే బండ్లన్నీ ఆ గంట కోసమే వస్తాయి. ఫోటోలు తీసుకునేవారితో వరండా నిండిపోయి, మీ నాన్నగారికి గోడ దగ్గర నిలబడే చోటు కూడా దొరకదు.

సాయంత్రం ఐదున్నర దాటాక పరిస్థితి పూర్తిగా మారుతుంది. చూడవచ్చినవారు వెళ్లిపోయి, గదులు తీసుకున్న నాలుగైదు కుటుంబాలు మాత్రమే మిగులుతాయి. అప్పుడు వరండాలో కూర్చుంటే కింద బియాస్ నది వెండితీగలా కనిపిస్తుంది, అవతలి గట్టున ఊళ్ల దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి, చలికి బిగుసుకుంటున్న కట్టె అక్కడక్కడ టిక్కుమంటుంది. రాత్రి ఎవరు నడిచినా పలకల చప్పుడు వినిపిస్తుంది. నేలా పైకప్పూ కట్టెవే అయిన ఇంట్లో అది తప్పదు, నిద్ర పలుచగా ఉండేవారు ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది. నిజం చెప్పాలంటే నాకు ఆ చప్పుడే ఎక్కువగా గుర్తుండిపోయింది. మా అమ్మమ్మగారి ఇంట్లో అటక మీద ఎవరైనా నడిస్తే వినిపించిన చప్పుడు అది.

ప్రయాణం విషయానికి వస్తే, కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటి ఉదయం న్యూఢిల్లీలో దిగుతారు. పెద్దవారు ఉన్నారు కాబట్టి ఆ పగలు ఢిల్లీలో విశ్రాంతి తీసుకొని, సాయంత్రం మనాలీ బస్సు ఎక్కండి. బస్సును మనాలీ దాకా పోనివ్వకుండా, దానికి ముందే వచ్చే పత్లీకుహల్ దగ్గర దిగితే, అక్కడ వంతెన దాటి ఆరు కిలోమీటర్లు పైకి ఎక్కితే నగ్గరే. మేము తెలియక మనాలీ దాకా పోయి, మళ్లీ ఇరవై కిలోమీటర్లు వెనక్కి వచ్చాము. నగ్గర్ ఎత్తు సుమారు 1,800 మీటర్లు, మనాలీ కంటే కొంచెం తక్కువ. ఊపిరి ఇబ్బంది ఉండదు గానీ అక్టోబరు రాత్రులకు స్వెట్టరు చాలదు, శాలువా కూడా కావాలి.

మెట్ల సంగతి: రోడ్డు కోట వాకిలి దాకా వస్తుంది. ముంగిలి సమతలంగానే ఉంటుంది. పై అంతస్తుకు మాత్రం కట్టెమెట్లు ఎక్కాలి, ద్వారాలు పొట్టివి, కడపలు ఎత్తువి. గది తీసుకునేటప్పుడే కింది అంతస్తులో ఇవ్వమని అడగండి. దసరా రోజుల్లో వెళ్తున్నారు కాబట్టి ఇంకొక మాట. మన దగ్గర దసరా ముగిసే విజయదశమి నాడే కుల్లూలో దసరా మొదలై ఏడు రోజులు సాగుతుంది. ఊరూరి దేవతలు పల్లకీలలో ధాల్‌పూర్ మైదానానికి తరలివస్తారు. ఆ వారంలో లోయలో గదులు దొరకడం కష్టం, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

కరీంనగర్ కట్టుబడి:

వృత్తిరీత్యా నేను కట్టడాల బలాన్ని లెక్కగట్టేవాడిని కాబట్టి మీ నాన్నగారి ప్రశ్నకే సమాధానం రాస్తాను. మిగిలిన విషయాలు పై మిత్రులు చక్కగా చెప్పారు.

ఆ పద్ధతిని అక్కడ కాఠ్‌కునీ అంటారు. కాఠ్ అంటే కట్టె, కునీ అంటే మూల. పేరులోనే కిటుకు ఉంది, ఎందుకంటే ఆ గోడ బలం మూలలోనే ఉంటుంది. ఒక వరుసలో గోడ బయటి ముఖానికి ఒకటి, లోపలి ముఖానికి ఒకటి చొప్పున రెండు దేవదారు దూలాలను సమాంతరంగా పరుస్తారు. వాటి మధ్య ఖాళీని చిన్న రాళ్లతో నింపుతారు. అక్కడక్కడ అడ్డంగా పొట్టి కట్టెలు పెట్టి, రెండు దూలాలూ ఒకదాని నుంచి ఒకటి దూరం జరగకుండా గాడి కోసి బిగిస్తారు. మూల దగ్గర ఒక గోడ దూలాలు రెండో గోడ దూలాల మీదికి ఎక్కుతాయి, వాటిని కట్టెచీలలతో పట్టి ఉంచుతారు. దాని మీద ఒక వరుస రాయి, మళ్లీ దూలాలు, మళ్లీ రాయి. ఎక్కడా సున్నం ఉండదు, ఇనుప మేకు ఉండదు.

రాయి తన మీద పడే బరువును ఎంతైనా మోస్తుంది గానీ, పక్కకు లాగితే విడిపోతుంది. భూకంపం చేసే పని సరిగ్గా అదే, అది గోడను పక్కకు ఊపుతుంది. మామూలు రాతిగోడలో మొదట మూల విచ్చుకుంటుంది, ఆ తర్వాత గోడ ముఖం బయటికి ఒరిగి పడుతుంది. కాఠ్‌కునీలో ప్రతి రెండు మూడు జానలకు ఒక కట్టెనడికట్టు ఇల్లంతా చుట్టి ఉంటుంది కాబట్టి నాలుగు గోడలూ కలిసే ఊగుతాయి. సున్నం లేని రాళ్లు ఒకదాని మీద ఒకటి రవ్వంత జారుతూ, ఆ రాపిడిలోనే ఊపు శక్తిని ఖర్చు చేస్తాయి. కింద రాయి ఎక్కువ, పైకి పోయేకొద్దీ కట్టె ఎక్కువ కావడం వల్ల పై భాగం తేలికగా ఉంటుంది. కిటికీలు చిన్నవి కావడం చలికి మాత్రమే అనుకుంటాం గానీ, గోడలో రంధ్రం ఎంత తక్కువైతే బలం అంత ఎక్కువ. ఇవాళ మనం భూకంపాలకు తట్టుకునే కట్టడాల కోసం ఉన్న భారత ప్రమాణం ఐ.ఎస్. 4326 ప్రకారం ఇటుక గోడకు పునాది మీద, లింటెల్ దగ్గర, కప్పు కింద వేసే కాంక్రీటు బ్యాండ్లకు కూడా ఇదే సూత్రం. తేడా ఏమిటంటే మనం మూడు చోట్ల వేసేదాన్ని వాళ్లు గోడ పొడుగునా వేశారు.

మన వరంగల్ రాతికోట గోడలోనూ గ్రానైట్ దిమ్మెలను సున్నం లేకుండానే కూర్చారు కదా అని మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు. అక్కడ దిమ్మె బరువే బంధనం, గోడకు ఆనుకొని లోపలి వైపు మట్టి వాలు ఉంటుంది, కాబట్టి ఆ గోడ ఒంటరిగా నిలబడనక్కరలేదు. రామప్పలో పునాది గోతిని ఇసుకతో నింపి ఊపును కిందే మింగించే ప్రయత్నం చేశారు. నగ్గర్‌లో ఊపును గోడ ఒంట్లోకే తీసుకొని అరాయించుకునే ఏర్పాటు ఉంది. నాకు తెలిసి ఈ రెంటినీ ఒకే జీవితంలో చూసి పోల్చుకునే అవకాశం మీ నాన్నగారి వంటివారికే ఎక్కువగా పనికివస్తుంది.

అయితే 1905 ఏప్రిల్ 4 నాటి భూకంపాన్ని గురించి ఒక జాగ్రత్త. దాని తీవ్రత 7.8, ప్రాణాలు కోల్పోయినవారు సుమారు 20,000 మంది. నగ్గర్ కోట నిలిచింది నిజమే. కానీ ఈ పద్ధతిలో కట్టిన ప్రతిదీ చెక్కుచెదరలేదని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అదే జిల్లాలో బంజార్ వైపున్న చెహ్ని కోఠీ అనే గోపురం వంటి కట్టడం ఆ భూకంపంలో పై అంతస్తులు పోగొట్టుకొని, పొట్టిదై నేటికీ నిలిచి ఉంది. నా దృష్టిలో అది మరింత విలువైన సాక్ష్యం, ఎందుకంటే పైది రాలినా కిందిది కూలలేదు. కాకపోతే దాని దగ్గరికి కొండదారిలో నడవాలి, మీ నాన్నగారికి వద్దు.

ఈ కట్టడాలకు అసలు శత్రువు నిప్పు. కుల్లూ జిల్లాలోనే ఉన్న మలాణా గ్రామంలో 2008 జనవరిలో ఒక్క అగ్నిప్రమాదానికి ఊరిలో చాలా భాగం కాలిపోయింది. కోట గదిలో ఉంటే అగరుబత్తి కూడా వెలిగించవద్దని అమ్మగారికి ముందే చెప్పండి.

హనుమకొండ బాటసారి:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. నాన్నగారికి రెండో సమాధానం చదివి వినిపిస్తే, మూల దగ్గర దూలాలు ఎలా ఎక్కుతాయో రెండు అగ్గిపుల్లలతో పేర్చి చూపించారు. ఆయన ఇంకొకటి అడుగుతున్నారు. అన్ని వందల ఏళ్లు వానకూ మంచుకూ తడిసిన కట్టెకు చెద పట్టలేదా, కుళ్లలేదా? మన దగ్గర టేకు దర్వాజాకే పాతికేళ్లకు అడుగు భాగం మెత్తబడుతోంది కదా. అలాగే అమ్మకు గోడలంటే ఆసక్తి లేదు. ఆమెకు అక్కడ చూడదగినది ఏముందో ఎవరైనా చెబితే బాగుంటుంది.

నిర్మల్ ఉలి:

మాది వడ్రంగం ఇల్లు కాబట్టి కట్టె గురించి రెండు మాటలు. దేవదారులో సహజంగానే నూనె ఉంటుంది, పచ్చి దూలాన్ని చీలిస్తే ఆ వాసన రోజుల తరబడి గదిలో ఉంటుంది, పురుగు, చెద దాని జోలికి తేలికగా రావు. మన జన్నారం టేకుకూ నూనె ఉంది, కానీ మనం దర్వాజా కాళ్లను తీసుకుపోయి సిమెంటు గచ్చులో పాతుతున్నాము. తడి లాగిన కట్టెకు ఆరే దారి లేక అడుగు కుళ్లుతుంది, అది టేకు తప్పు కాదు. వాళ్ల గోడ అడుగున కట్టె నేలను తాకదు, కింద రాతి అరుగు ఉంటుంది. రాళ్ల మధ్య సున్నం లేదు కాబట్టి గాలి ఆడుతుంది, తడిసినా ఆరిపోతుంది. పైన పలకరాళ్ల కప్పును గోడ దాటి చాలా ముందుకు చాపుతారు, వాన గోడకు కొట్టదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా దేవదారు కూడా ఆగదు.

ఇంకొకటి కూడా గమనించమనండి. కట్టెచీలతో బిగించిన చోట, దూలం పాడైతే విప్పి కొత్తది తొడగవచ్చు. సిమెంటుతో అతికినదాన్ని విప్పడం ఎవరివల్లా కాదు.

జగిత్యాల చరిత్ర టీచర్:

నమస్కారం. పై సమాధానాలతో ఒక విషయంలో నేను విభేదిస్తాను. రాత్రి ఉండటం మంచిదే, కానీ కోట గదిలోనే ఉండాలన్న పట్టుదల మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అవసరం లేదు. ఎత్తు కడపలు, రాత్రివేళ చీకట్లో కట్టెమెట్లు నేను చూశాను. నగ్గర్ ఊళ్లోనే కోటకు నాలుగడుగుల దూరంలో మామూలు బసలు ఉన్నాయి. అక్కడ దిగి, సాయంత్రం ఒకసారి, మరునాడు పొద్దున్నే బండ్లు రాకముందు ఒకసారి కోటకు వెళ్తే, పైవారు చెప్పిన ప్రశాంతత చాలావరకు దక్కుతుంది. కింది అంతస్తు గది ఖాయంగా దొరికితే మాత్రం నా మాట పక్కన పెట్టండి.

అమ్మగారికి చూపించవలసింది ముంగిట్లోని జగతీపట్ గుడి. లోపల విగ్రహం ఉండదు, ఒక పెద్ద రాతిపలక ఉంటుంది. దేవతలందరూ తేనెటీగల రూపం ధరించి, కొండశిఖరం నుంచి ఆ పలకను కోసి మోసుకువచ్చారని అక్కడివారి నమ్మకం. లోయకు పెద్ద ఆపద వచ్చినప్పుడు ఊరి దేవతలు ఆ పలక దగ్గర సమావేశమవుతారట. నాకు అది వినగానే చిలకలగుట్ట మీది నుంచి కుంకుమభరిణె రూపంలో గద్దె మీదికి తరలివచ్చే సమ్మక్క తల్లి గుర్తుకువచ్చింది. విగ్రహం లేకుండానే దేవతను ఎరిగిన మన మేడారం భక్తులకు ఆ గుడి వింతగా అనిపించదు.

కాలం విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. రాజా సిధ్‌సింగ్ సుమారు 1460లో ఈ కోటను కట్టించాడని పర్యాటక శాఖ వారు రాస్తారు, అయితే వంశచరిత్రలు ఆ రాజు పాలనను 1500 ప్రాంతంలో పెడతాయి. కాబట్టి అయిదు వందల ఏళ్ల కట్టడం అని పిల్లలకు చెబితే సరిపోతుంది. పదిహేడవ శతాబ్దంలో రాజా జగత్‌సింగ్ రాజధానిని సుల్తాన్‌పూర్‌కు, అంటే నేటి కుల్లూకు, మార్చేదాకా రాజ్యానికి నగ్గరే కేంద్రం. పైవారు చెప్పిన కుల్లూ దసరాకు మూలమైన రఘునాథుని విగ్రహం అయోధ్య నుంచి వచ్చింది కూడా ఆ రాజు కాలంలోనే. కోట రాళ్లను నది అవతలి గట్టున పాడుబడిన మరో కోట నుంచి, మనుషులు బారులు తీరి చేతికి చేయి అందించుకుంటూ తెచ్చారని ఒక కథ ఉంది. ఆ బారును ఊహిస్తూ వరండాలో నిలబడి నదిని చూస్తే దూరం ఎంతో తెలుస్తుంది.

1846లో కుల్లూ ఆంగ్లేయుల చేతికి వచ్చాక, రాజవంశీకుడైన జ్ఞాన్‌సింగ్ ఒక తుపాకీకి బదులుగా ఈ కోటను మేజర్ హే అనే అధికారికి ఇచ్చేశాడని చెప్పుకుంటారు. గదుల్లో కనిపించే నిప్పుగూళ్లు ఆ దొర కాలం నాటివి. అయిదు వందల ఏళ్ల కోటకు ఒక తుపాకీ అన్న బేరం విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు, మన ఊళ్లలో గడీల దర్వాజాలను పాత సామాను కొట్లకు ఎంతకు అమ్ముకున్నారో చూసినదాన్ని కనుక. తర్వాత అది ప్రభుత్వపరమై, కచేరీగా కొంతకాలం ఉండి, 1978 నుంచి రాష్ట్ర పర్యాటక సంస్థ చేతిలో ఉంది. కచేరీగానో హోటల్‌గానో వాడుకలో ఉండటం వల్లే కప్పు కారకుండా మిగిలిందని నా అభిప్రాయం.

కోట నుంచి కొండ మీదికి కొద్ది దూరం బండిలో వెళ్తే రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇల్లు ఉంది, ఇప్పుడది మ్యూజియం. ఆయన 1928 నుంచి 1947లో మరణించేదాకా అక్కడే నివసించారు. యుద్ధాల్లో కూడా కళాకట్టడాలకు హాని చేయకూడదని 1935లో దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ఆయన పేరు మీదే ఉంది. ఆయన కోడలు మన తొలినాళ్ల సినిమా తార దేవికారాణి అని చెబితే అమ్మగారు తప్పకుండా వస్తారు. సోమవారం ఆ మ్యూజియానికి సెలవు కాబట్టి మీ రోజులు చూసుకోండి. భోజనంలో సిడ్డూ అడగండి. గోధుమపిండిలో అక్రోటు పప్పు, గసగసాల వంటి ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించి నెయ్యితో ఇస్తారు, మన కుడుములకు పెద్దన్న అనుకోవచ్చు.

కాజీపేట రైలుబండి:

టీచరమ్మగారి మాట సబబే, పెద్దలు ఉన్నప్పుడు కింది గది ఖాయమైతేనే కోటలో దిగండి. ఒకవేళ ఈ ఏడు వీలుపడక వాయిదా వేసుకుంటే, జూలై, ఆగస్టు నెలలకు మాత్రం మార్చకండి. 2023 జూలై వరదల్లో బియాస్ ఆ లోయ రోడ్లను ఎన్నోచోట్ల కోసేసింది.

హనుమకొండ బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. ఫోన్ చేసి మాట్లాడితే కుల్లూ దసరా ముగిసిన మూడో రోజుకు కోటలోనే కింది అంతస్తు గదులు రెండు దొరికాయి, అది మంగళవారం కావడంతో మ్యూజియం కూడా తెరిచే ఉంటుంది. సెలవులకు మరో నాలుగు రోజులు కలుపుకోవలసి వచ్చింది. అమ్మ తేనెటీగల కథ విని గుడికి కుంకుమ, పసుపు పొట్లం కట్టి పెట్టింది. నాన్నగారు తన పాత ఇనుప టేపును సంచిలో వేసుకున్నారు. దూలం వెడల్పు, రాతివరుస ఎత్తు కొలిచి తెస్తారట. వచ్చాక ఆ కొలతలు ఇక్కడే రాస్తాను, కరీంనగర్ వారు సరిచూడాలి.